మెదడువాపు వ్యాధి

మెదడు కణజాలం శోథకు లోనై వాచే స్థితిని మెదడువాపు వ్యాధి అంటారు. వైద్య పరిభాషలో దీని పేరు ఎన్‌సెఫలైటిస్. ఎక్కువ సందర్భాలలో దీనికి కారణం వైరస్‌లు. ఈ వ్యాధి జ్వరంతో మొదలవుతుంది. కొన్ని గంటలలో గాని, రెండు మూడు రోజులలో గాని తలనొప్పి, వాంతులు, మూర్ఛలు, మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం కనిపించి, చివరకు రోగి స్పృహ కోల్పోతాడు. తెలుగు జిల్లాలలో దీని బారిన పడినవారిలో ఎక్కువ మంది 15 సంవత్సరాల లోపు పిల్లలు.

మెదడువాపు ఒకే వ్యాధి కాదు. చూడటానికి ఒకే విధంగా ఉండే అనేక వ్యాధులకు ఇది ఉమ్మడి పేరు. ఒకటి దోమ వలన వస్తే మరొకటి ఇసుక ఈగ వలన వస్తుంది. ఒకదానికి టీకా ఉన్నది, మరొకదానికి మందు ఉన్నది, ఇంకొకదానికి ఈ రెండూ లేవు. కాబట్టి వచ్చినది ఏ మెదడువాపు అన్న ప్రశ్నకు జవాబు దొరికితే తప్ప నివారణ చర్యలు సరైన దారిలో సాగవు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఉదంతం దీనికి ఉదాహరణ.

పేరు, పరిధి

మెదడు చుట్టూ ఉండే పొరలు వాచితే మెనింజైటిస్ అంటారు. తెలుగులో మెదడుపొరల వాపు అనవచ్చు. మెదడే వాచితే ఎన్‌సెఫలైటిస్. రెండూ కలిసి రావడం కూడా సాధారణమే. వార్తాపత్రికలలో ఈ రెండింటికీ "మెదడువాపు" అనే మాటనే వాడుతుంటారు. గ్రామాలలో "మెదడు జ్వరం" అనే మాట కూడా వినిపిస్తుంది.

జ్వరంతో పాటు స్పృహలో మార్పు గాని, కొత్తగా మూర్ఛలు గాని కనిపించిన ప్రతి రోగినీ మొదట "తీవ్ర మెదడువాపు లక్షణ సముదాయం" అనే పద్దు కింద నమోదు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆంగ్ల అక్షరాలలో దీనిని ఏ.ఇ.ఎస్. అని పిలుస్తారు. ఇది వ్యాధి పేరు కాదు, కారణం తేలేవరకు వాడే తాత్కాలిక గుర్తింపు మాత్రమే. ప్రభుత్వ లెక్కలలో కనిపించే ఏ.ఇ.ఎస్. సంఖ్యలన్నీ వైరస్‌ల వలన కలిగినవే అనుకోవడం పొరపాటు. వాటిలో క్షయ, మలేరియా, స్క్రబ్ టైఫస్ వంటివి కూడా కలిసి ఉంటాయి.

బేగంపేట - కీటకాల ద్వారా వ్యాపించే వ్యాధులు

మన ప్రాంతంలో గుంపులుగా వచ్చే మెదడువాపులను కీటకాలే మోసుకొస్తాయి. కీటకం కుట్టడానికి, జ్వరానికి గల సంబంధాన్ని రుజువు చేసిన పరిశోధనలలో ముఖ్యమైనది సికింద్రాబాదు పక్కనున్న బేగంపేటలో జరిగింది. భారత వైద్య సేవలో సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాదు వచ్చి, మలేరియా రోగులను కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించేవాడు. దాదాపు రెండేళ్ళ పాటు ఆయనకు ఏమీ దొరకలేదు. ఆయన చూస్తూ వచ్చిన దోమలు మలేరియాను మోసే రకానికి చెందినవి కాకపోవడమే దీనికి కారణం. చివరకు రెక్కల మీద మచ్చలుండే దోమలను తీసుకొని, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ దోమ ఇప్పుడు మనం ఎనాఫిలిస్ అని పిలిచే జాతికి చెందినది. కుట్టిన ఒక్కొక్క దోమకు రోగికి ఒక అణా చొప్పున రాస్ చెల్లించేవాడని చెబుతారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పనిచేసిన భవనం పాత బేగంపేట విమానాశ్రయానికి దగ్గరలో ఉన్నది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. అంటువ్యాధులకు పేరుపడిన నల్లకుంటలోని ప్రభుత్వ జ్వరాల ఆసుపత్రికి కూడా రాస్ పేరే పెట్టారు. జనం మాత్రం దానిని కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట నోళ్ళలో నలిగి కోరంటి అయినది.

రాస్ కనుగొన్నది వైరస్‌ను కాదు. అయినా బేగంపేట పరిశోధన ఈ వ్యాధికి రెండు విధాల సంబంధించినది. మొదటిది, దోమ అంటే ఏ దోమైనా ఒకటే కాదని, సరైన జాతిని పట్టుకుంటేనే వ్యాధి మూలం దొరుకుతుందని అది చూపింది. రెండవది మరింత ఆచరణకు సంబంధించినది. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకు ఎక్కితే రోగి అచ్చం మెదడువాపు రోగిలాగే జ్వరంతో స్పృహ తప్పి పడి ఉంటాడు. మలేరియాకు మందు ఉన్నది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. కనుక మెదడువాపు అనుమానించిన ప్రతి రోగికీ మొదటి గంటలోనే రక్తపు చుక్కను మలేరియా కోసం పరీక్షించడం తప్పనిసరి.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్

జపానులో 1924లో ఆరు వేల మందికి పైగా ఈ వ్యాధికి గురయ్యారు. 1935లో అక్కడే వైరస్‌ను వేరుచేశారు. ఆ దేశం పేరు అలా స్థిరపడింది గాని, వ్యాధి ఆసియాలో వరి పండే ప్రాంతమంతటా ఉన్నది. భారతదేశంలో దీనిని మొదట గుర్తించినది 1955లో, తమిళనాడులోని వేలూరులో. ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి, దానిని ఆనుకొని ఉన్న ఆంధ్ర జిల్లాల నుండి అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వచ్చిన రోగులలో ఇది బయటపడింది. అంటే దేశంలో ఈ వ్యాధి చరిత్ర మొదటి పుటలోనే తెలుగువారు ఉన్నారు. 1973లో పశ్చిమ బెంగాల్‌లో, 1999 చివరి నెలలలో ఆంధ్రప్రదేశ్‌లో, 2005లో ఉత్తర ప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఇది పెద్ద ఎత్తున చెలరేగింది. గోరఖ్‌పూర్ ఉదంతంలో వెయ్యి మందికి పైగా మరణించారు.

ఈ వైరస్ అసలు నివాసం కొంగలు, నారాయణ పక్షులు మొదలైన నీటి పక్షులు. పక్షుల నుండి దోమల ద్వారా పందులకు చేరుతుంది. పందికి పెద్దగా జబ్బు చేయదు గాని, దాని రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. అందుకే పందిని వృద్ధికారక అతిథేయి అంటారు. మనిషి రక్తంలో అంత వైరస్ ఉండదు కాబట్టి మనిషిని కుట్టిన దోమ మరొకరికి వ్యాధిని అంటించలేదు. వైరస్ ప్రయాణం మనిషి దగ్గర ఆగిపోతుంది. రోగిని ముట్టుకున్నా, పక్కన పడుకున్నా ఈ వ్యాధి అంటదు. ఈ సంగతి తెలియక రోగి కుటుంబాన్ని దూరం పెట్టడం తగని పని.

దీనిని మోసేవి ప్రధానంగా క్యూలెక్స్ విష్ణుయి వర్గానికి చెందిన దోమలు. వీటిలో క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ ముఖ్యమైనది. ఇవి ఇంటి ముందు మురుగు కాలువలో కంటె, నీరు నిలిచిన వరి మడులలో ఎక్కువగా పెరుగుతాయి. సందె వేళ నుండి రాత్రంతా, ఎక్కువగా ఆరుబయట కుడతాయి. మనిషి కంటె పశువులను, పందులను ఇష్టపడతాయి. వానలు పడి, పొలాలు నిండి, దోమలు పెరిగిన తరువాత వ్యాధి తల ఎత్తుతుంది.

వైరస్ సోకినవారందరికీ జబ్బు చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 250 మందికి సోకితే ఒకరికి తీవ్రమైన లక్షణాలు కనిపిస్తాయి. అయితే అలా లక్షణాలు బయటపడినవారిలో మరణాలు 30 శాతం వరకు ఉండవచ్చు. బ్రతికినవారిలో 20 నుండి 30 శాతం మందికి కాలుచేతుల బలహీనత, మాట పోవడం, మూర్ఛలు, బుద్ధిమాంద్యం వంటివి మిగిలిపోతాయి.

చాందీపుర వైరస్ - 2003

2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్లు జిల్లాలలో, పిల్లలు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, మూర్ఛలతో స్పృహ తప్పి ఆసుపత్రులకు రాసాగారు. మొత్తం 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది మరణించారు. నూటికి 55 మందికి పైగా చనిపోయారన్న మాట. చాలా మంది జ్వరం మొదలైన 48 గంటలలోపే కన్నుమూశారు. సాయంత్రం ఆడుకున్న బిడ్డ మరునాడు లేకపోవడం ఆ వేసవి చివరి రోజులలో అనేక ఊళ్ళు చూసిన విషయం.

మొదట అందరూ జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నే అనుమానించారు. పరీక్షలు దానిని బలపరచలేదు. కాలం కూడా సరిపోలేదు. అప్పటికి వరి నాట్లే పూర్తిగా పడి ఉండవు. చివరకు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు ఆరుగురు రోగుల నుండి చాందీపుర వైరస్‌ను వేరుచేశారు. మరికొందరిలో వైరస్ జన్యుపదార్థాన్ని, ప్రతిరక్షకాలను గుర్తించారు. ఈ ఫలితాలు 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమయ్యాయి.

ఈ వైరస్ కొత్తదేమీ కాదు. 1965లో మహారాష్ట్రలో నాగపూరు దగ్గరి చాందీపుర గ్రామంలో జ్వరపీడితుల రక్తంలో దొరికింది. ఊరి పేరే దానికి వచ్చింది. పిచ్చికుక్క కాటు వలన వచ్చే రేబీస్ వైరస్ కూడా ఈ కుటుంబానిదే. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు దీనిని పెద్ద ప్రమాదంగా ఎవరూ లెక్కించలేదు. 2003 తరువాతనే దీని పేరు పాఠ్యగ్రంథాలలోకి ఎక్కింది. 2004లో గుజరాత్‌లో మళ్ళీ కనిపించింది. 2024 జూన్ మొదటి నుండి ఆగస్టు 15 వరకు, ప్రధానంగా గుజరాత్‌లో, 245 ఏ.ఇ.ఎస్. కేసులు, 82 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 64 కేసులు చాందీపుర అని పరీక్షలలో తేలింది.

2003 ఉదంతం మీద వాదం కూడా నడిచింది. హైదరాబాదులోని కొందరు పిల్లల వైద్యులు ఇది మెదడు కణజాలపు శోథ కాదని, మెదడు రక్తనాళాలకు కలిగిన దెబ్బ వలన వచ్చిన పక్షవాతం వంటిదని అభిప్రాయపడ్డారు. స్కానులలో కనిపించిన మార్పులు, వ్యాధి ముదిరిన వేగం వారి వాదనకు ఆధారాలు. వైరస్ పాత్రపై నేడు పెద్దగా సందేహం లేకపోయినా, అది పిల్లల మెదడును ఇంత త్వరగా ఎలా దెబ్బతీస్తుందన్న చర్చ వృథా కాలేదు. చికిత్స దేనిమీద దృష్టి పెట్టాలన్నది ఆ చర్చ మీదనే ఆధారపడి ఉన్నది.

చాందీపుర వైరస్‌ను మోసేది ఇసుక ఈగ. ఆంగ్లంలో శాండ్‌ఫ్లై అంటారు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుండే ఈ కీటకం దోమలో మూడవ వంతు కూడా ఉండదు. రొద చేయదు. ఎక్కువ ఎత్తుకు ఎగరలేక గెంతుతూ పోతుంది. మట్టి గోడల పగుళ్ళలో, పశువుల కొట్టాలలో, పేడ, చెత్త కలిసిన తేమ నేలలో పెరుగుతుంది. సాధారణ దోమతెర కన్నాల గుండా ఇది లోపలికి దూరగలదు. కనుక దోమతెర కట్టినంత మాత్రాన ఈ వ్యాధి నుండి పూర్తి రక్షణ ఉన్నదనుకోరాదు. సన్నని కన్నాల తెర గాని, మందు పట్టించిన తెర గాని కావాలి.

ఇతర వైరస్‌లు

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వలన వచ్చే మెదడువాపు గుంపులుగా రాదు. ఏ కాలంలోనైనా, ఏ వయసువారికైనా, ఒకరికి ఇక్కడ ఒకరికి అక్కడ వస్తుంది. సంఖ్యలో చిన్నదైనా మందు ఉన్నది దీనికే కాబట్టి వైద్యుడు మరచిపోకూడనిది ఇదే. తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ, డెంగూ, ఎంటెరోవైరస్‌లు కూడా అరుదుగా మెదడుకు ఎక్కుతాయి. గబ్బిలాల ద్వారా వచ్చే నిపా వైరస్ 2001లో సిలిగురిలో, 2018లో కేరళలో ప్రాణాలు తీసింది. రేబీస్ కూడా మెదడువాపే. అది మొదలైన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. కాని కుక్క కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, టీకాలు పూర్తిగా వేయించుకుంటే అది అసలు రాదు.

వ్యాధి నిర్ధారణ

జ్వరమున్న బిడ్డ మత్తుగా పడి ఉన్నా, అర్థం లేని మాటలు మాట్లాడినా, మూర్ఛ వచ్చినా ఆసుపత్రికి తీసుకుపోవడంలో ఆలస్యం చేయరాదు. గాలి సోకిందని, దయ్యం పట్టిందని తాయెత్తులతో గడిపే ఒక్క రాత్రి చాందీపుర వంటి వ్యాధిలో మొత్తం వ్యవధిలో సగం.

ఆసుపత్రిలో మొదట చూడవలసినవి రక్తంలో చక్కెర, మలేరియా. చక్కెర పడిపోయినా పిల్లలు మూర్ఛలతో స్పృహ తప్పుతారు. గ్లూకోజు ఎక్కిస్తే కొందరు నిమిషాలలో కోలుకుంటారు. బీహారులోని ముజఫర్‌పూర్‌లో చాలా కాలం మెదడువాపుగా భావించిన పిల్లల మరణాలలో రక్తపు చక్కెర పడిపోవడమే ముఖ్యాంశమని తరువాతి పరిశోధనలు చూపాయి.

తరువాతది మస్తిష్క మేరు ద్రవ పరీక్ష. దీనినే వాడుకలో వెన్నులో నీరు తీయడం అంటారు. నడుము వద్ద వెన్నుపూసల మధ్యనుండి సన్నని సూదితో కొద్దిగా ద్రవాన్ని తీస్తారు. ఈ పరీక్ష అంటే కుటుంబాలకు భయం ఎక్కువ. నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయన్న నమ్మకం వలన చాలా మంది ఒప్పుకోరు. సూది గుచ్చే చోట వెన్నుపాము ఉండదు. అది అంతకు పైనే ముగిసిపోతుంది. కాబట్టి ఆ భయానికి ఆధారం లేదు. మెదడులో ఒత్తిడి బాగా పెరిగిన సూచనలుంటే మాత్రం వైద్యులే ముందు స్కాను చేయించి, అవసరమైతే పరీక్షను వాయిదా వేస్తారు. వైరస్ వలన కలిగిన వాపులో ద్రవం తేటగా ఉంటుంది, లింఫోసైట్ కణాలు పెరుగుతాయి, చక్కెర సాధారణంగా తగ్గదు. బాక్టీరియా, క్షయ వలన వచ్చే మెదడుపొరల వాపులో చక్కెర తగ్గుతుంది.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను ఈ ద్రవంలో గాని రక్తంలో గాని ఐజీఎమ్ ప్రతిరక్షకాలను ఎలీసా పద్ధతిలో వెదకి నిర్ధారిస్తారు. ఇవి మొదటి రోజులలో కనిపించకపోవచ్చు. తొలి పరీక్షలో లేవని వస్తే వారం తరువాత మళ్ళీ చేయవలసి ఉంటుంది. హెర్పిస్‌ను, చాందీపురను పీసీఆర్ పరీక్షతో గుర్తిస్తారు. ఎమ్మారై స్కానులో కణతల వైపు మెదడు భాగం దెబ్బతింటే హెర్పిస్‌ను, మెదడు లోతున ఉండే థాలమస్ దెబ్బతింటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను అనుమానిస్తారు.

చికిత్స

హెర్పిస్ మెదడువాపుకు ఎసైక్లోవిర్ అనే మందును రక్తనాళం ద్వారా 14 నుండి 21 రోజులు ఇస్తారు. మందు లేని రోజులలో ఈ వ్యాధి వచ్చినవారిలో నూటికి 70 మంది చనిపోయేవారు. మందును త్వరగా ఇస్తే ఆ సంఖ్య బాగా తగ్గుతుంది. అందువలన పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆగకుండా, అనుమానం కలిగిన వెంటనే మొదలుపెట్టి, హెర్పిస్ కాదని తేలితే ఆపివేయడం నేటి పద్ధతి. బాక్టీరియా వలన కాదని తేలేవరకు యాంటీబయాటిక్‌లు కూడా ఇస్తారు. ఎసైక్లోవిర్ పుట్టిన ప్రయోగశాలలో ముఖ్యులైన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఈ హిచింగ్స్ యువకుడిగా హార్వర్డులో మన యల్లాప్రగడ సుబ్బారావు సహచరుడు.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు, చాందీపురకు వైరస్‌ను చంపే మందు ఇంతవరకు లేదు. అంత మాత్రాన చేయగలిగినది లేదని కాదు. శ్వాస ఆడేటట్లు చూడటం, మూర్ఛలను ఆపడం, జ్వరం తగ్గించడం, చక్కెర, లవణాలు, ద్రవాలు సరైన పాళ్ళలో ఉంచడం, మెదడులో ఒత్తిడిని మానిటాల్ వంటి మందులతో తగ్గించడం వలన ప్రాణాలు నిలుస్తాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళేటప్పుడు బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్ళు గాని, పాలు గాని, మందు గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోయి, మెదడువాపు చంపని బిడ్డను చంపగలదు. మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వలన ఏ ఫలితమూ లేదు.

నివారణ

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉన్నది. 2006 నుండి భారత ప్రభుత్వం వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాలలో చైనాలో తయారైన ఎస్.ఎ. 14-14-2 అనే సజీవ టీకాను పిల్లలకు వేయించసాగింది. ఇటువంటి జిల్లాలలో సాధారణ టీకాల పట్టికలో రెండు మోతాదులుగా, 9 నెలలు నిండినపుడు ఒకసారి, 16-24 నెలల మధ్య మరొకసారి వేస్తారు. ఆ తరువాత దేశంలోనే తయారైన రెండు టీకాలూ హైదరాబాదు నుండి వచ్చినవే. బయొలాజికల్ ఇ. సంస్థ జీవ్ అనే టీకాను, భారత్ బయోటెక్ సంస్థ 2013లో జెన్‌వాక్ అనే టీకాను విడుదల చేశాయి. జెన్‌వాక్‌కు మూలమైన వైరస్ కర్ణాటకలోని కోలారు ప్రాంతపు రోగి నుండి వేరుచేసినది. చాందీపురకు మాత్రం వాడుకలో టీకా ఏదీ లేదు.

మెదడువాపు వార్త రాగానే పట్టణాలలో పందులను తరలించడం, వీధులలో పొగ వదలడం పరిపాటి. పందులను నివాసాలకు దూరంగా ఉంచడం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ విషయంలో అర్థవంతమైన పనే. అయితే పందుల పెంపకమే బ్రతుకుతెరువైన కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపకుండా చేసే తరలింపు కొద్ది రోజుల ముచ్చటగానే మిగులుతుంది. వచ్చినది చాందీపుర అయితే పందులను తరలించడం వలన ప్రయోజనమే లేదు. పొలంలో పుట్టే క్యూలెక్స్ మీద వీధిలో వదిలే పొగ ప్రభావం స్వల్పం. వరి మడులను ఎడతెగక ముంచి ఉంచక, మధ్యమధ్య ఆరబెట్టడం వలన దోమ పిల్లలు తగ్గుతాయి. ఇసుక ఈగల విషయంలో చేయవలసినవి వేరు. గోడల పగుళ్ళు పూడ్చాలి, పేడ కుప్పలు ఇంటికి దూరంగా వేయాలి, ఇళ్ళలో, కొట్టాలలో గోడలకు పురుగుమందు చల్లాలి. పిల్లలను నేల మీద పడుకోబెట్టకుండా మంచం మీద, సన్నని కన్నాల తెర లోపల పడుకోబెట్టాలి. ఒంటినిండా బట్టలు వేయడం, సందె వేళ ఆరుబయట ఆడకుండా చూడటం ఈ రెండు కీటకాల నుండీ కాపాడుతుంది.

కోలుకున్న తరువాత

ఆసుపత్రి నుండి ఇంటికి చేరినంత మాత్రాన చికిత్స ముగియదు. కొందరు పిల్లలకు నడక, మాట మళ్ళీ నేర్పవలసి ఉంటుంది. మూర్ఛల మందులను వైద్యుడు చెప్పేవరకు ఆపకూడదు. వినికిడి, చూపు, చదువులో వెనుకబాటు పరీక్షించుకోవాలి. బిడ్డ స్వభావంలో మార్పు, కోపం, మరపు కూడా వ్యాధి మిగిల్చిన గుర్తులే కావచ్చు. పెంకితనమని కొట్టే ముందు ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలియజేయడం అవసరం. వ్యాయామ చికిత్స మొదటి నెలలలోనే ప్రారంభిస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. కాని ఇది ఎక్కువగా జిల్లా కేంద్రాలలోనే దొరుకుతుంది. వ్యాధి ఎక్కువగా వచ్చేది పల్లెలలోని కూలి కుటుంబాల పిల్లలకు. బస్సు చార్జీలు, పోయిన కూలి లెక్కవేసుకొని రెండు మూడు సార్లు వచ్చి మానివేసేవారు చాలా మంది. ఇంటి దగ్గరే చేయించగల వ్యాయామాలను తల్లికి గాని, అవ్వకు గాని ఆసుపత్రిలో ఉన్నపుడే నేర్పి పంపడం ఇందుకు కొంత ఉపాయం.